పాత వ్యాను ఎంత దూరంలో ఆగుతుంది?

మొయినాబాద్ నుంచి చేవెళ్ళకు ఎప్పుడైనా బస్సులో వెళ్ళారా? మర్రిచెట్లకు పేరుపొందిన దారి అది. అయితే అది దుఃఖం చూసిన దారి కూడా. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఆ దారిలోని ఒక ఊరి నుంచి నా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య నన్ను చూడవచ్చాడు. ఇంటరు పూర్తయింది, పద్ధెనిమిదేళ్ళు నిండాయి, లైసెన్సు చేతికొచ్చింది.

"సార్, పాత మారుతీ వ్యాను ఒకటి అమ్మకానికుంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంటోంది. కొనమంటారా?" అని అడిగాడు.

"ఇంజను సంగతి సరే. బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో చూశావా?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. పిల్లలూ, ఆ ప్రశ్నకు జవాబు మనం కలిసి వెతుకుదాం.

మారుతీ వ్యాను 1984లో వచ్చింది. తరువాత ఓమ్ని అనే పేరుతో 2019 దాకా తయారయింది. 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. కాబట్టి డ్రైవరు మోకాళ్ళ ముందు ఇంజను ఉండదు, రేకు మాత్రమే ఉంటుంది. పాత బండి కదా అని దీన్ని "వింటేజ్" అనేయకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే ఆ పేరు. ఆ బండ్లను రోజూ రోడ్డు మీద తిప్పకూడదు కూడా. మరి మొట్టమొదటి మారుతీ వ్యానుకు 50 ఏళ్ళు ఎప్పుడు నిండుతాయో మీరే చెప్పండి.

వేగం రెట్టింపయితే?

కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుందని చదువుకున్నారు. ద్రవ్యరాశిని వేగంతో, మళ్ళీ వేగంతో గుణించి సగం చేస్తే అది వస్తుంది. మనుషులతో కలిపి వ్యాను 1000 కిలోలు ఉందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. అప్పుడు గతిజశక్తి 50,000 జౌళ్ళు. గంటకు 72 కిలోమీటర్లయితే అది 2,00,000 జౌళ్ళు. వేగం రెట్టింపయింది, శక్తి మాత్రం నాలుగింతలయింది!

బండి ఆగాలంటే ఈ శక్తి ఎక్కడికో పోవాలి. బ్రేకుల ఘర్షణ దాన్ని వేడిగా మారుస్తుంది. 2,00,000 జౌళ్ళంటే అర లీటరుకు పైగా నీటిని మరిగించగల వేడి. ఒక్కసారి ఆగడానికే అంత!

ఇప్పుడు దూరం చూద్దాం. ఎదురుగా మేక కనబడ్డాక డ్రైవరు కాలు బ్రేకు మీద పడడానికి ఒక సెకను పడుతుందనుకోండి. మంచి బ్రేకులు సెకను సెకనుకు వేగాన్ని 5 మీటర్లు తగ్గిస్తాయనుకోండి.

36 కి.మీ. వేగంలో: 10 + 10 = 20 మీటర్లు.
72 కి.మీ. వేగంలో: 20 + 40 = 60 మీటర్లు.

అరిగిన బ్రేకులకు బలం సగమే ఉంటే రెండో లెక్క 20 + 80 = 100 మీటర్లవుతుంది. అంటే మంచి బ్రేకుల బండి ఆగిన చోటు దాటి ఇంకో 40 మీటర్లు!

బ్రేకు ఎందుకు బలహీనమవుతుంది?

పెడలు తొక్కితే ఆ ఒత్తిడి గొట్టాల్లోని బ్రేకు ఆయిల్ ద్వారా చక్రాలకు చేరుతుంది. ఇది పాస్కల్ నియమం. ఈ ఆయిల్ ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే తగ్గదు గాని ఆవిరి తగ్గుతుంది. అందుకే పెడలు కిందికి పోతుంది, చక్రం మాత్రం ఆగదు.

కొనేముందు చూడవలసినవి

1. బండి నిలిపి ఉంచి పెడలును ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టాలి. మెల్లగా దిగిపోతుంటే ఆయిల్ ఎక్కడో కారుతున్నట్టే.

2. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడాలి.

3. టైరు మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారయిందని అర్థం. తిరగకుండా ఉన్నా రబ్బరు గట్టిపడి పగులుతుంది.

4. రిజిస్ట్రేషన్ చూడాలి. సొంత బండికి అది 15 ఏళ్ళే. ఆ తరువాత తనిఖీ చేయించి కొత్తగా తీసుకోవాలి.

5. చివరగా మంచి మెకానిక్ చేత చక్రాలు విప్పించి చూపించాలి.

మీకింకా పద్ధెనిమిది నిండలేదు కాబట్టి స్టీరింగు పట్టకండి. 2019 సవరణ ప్రకారం పిల్లలు బండి నడిపి నేరం చేస్తే పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. కాని ఇంట్లో ఎవరైనా పాత బండి చూడడానికి వెళ్తే మీరూ వెంట వెళ్ళండి. టైరు అంకెలు చదివే పని మీది.

చేసి చూడండి

గాడి ఉన్న స్కేలును పుస్తకాలకు ఆనించి వాలుగా పెట్టండి. కింద చివర ఖాళీ అగ్గిపెట్టె ఉంచండి. 2 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గోలీ వదిలి, పెట్టె ఎంత జరిగిందో కొలవండి. తరువాత 8 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. గోలీ వేగం రెట్టింపవుతుంది. మరి పెట్టె ఎన్ని రెట్లు జరిగింది?

నా విద్యార్థి మర్నాడు పోయి పెడలు తొక్కి పట్టాడు. నిమిషం నిండకుండానే అది అడుగుకు దిగిందట. బ్రేకులు పూర్తిగా బాగుచేయించాకే బేరం మాట్లాడతానని చెప్పి వచ్చేశాడు.

లెక్క: గంటకు 54 కి.మీ. వేగంలో మంచి బ్రేకులతో, సగం బలమున్న బ్రేకులతో బండి ఎంత దూరంలో ఆగుతుంది? (జవాబు: 37.5 మీటర్లు, 60 మీటర్లు.)