పిడి మీద తెరచాప రేకు

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక ఇంటి సామాన్ల అమ్మకంలో పాత కటారి కొన్నాను. పిడికి తెరచాపలాంటి రేకు ఉంది. ఎక్కడిది, ఎన్నేళ్లది?

జవాబు: ఆ రేకే పెద్ద ఆధారం. గుప్పిటను కప్పే అలాంటి రేకున్న కటారులు ఎక్కువగా 16, 17 శతాబ్దాల దక్షిణాదివి. వాటిలో చాలా తంజావూరు ఆయుధశాలవి. మన తెలుగు నాయకరాజులు ఏలిన ఊరది! రేకు మీద యాళి (గుడి శిల్పాల్లో కనిపించే సింహంలాంటి కాల్పనిక జంతువు) తల ఉందేమో చూడండి.

అలుగు వయసు వేరుగా తేల్చాలి. రివెట్లతో బిగించి ఉండి, సన్నని గాడులుంటే అది ఐరోపా కత్తి ముక్క కావచ్చు. తంజావూరు కటారుల్లో అది మామూలే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఆయుధ సేకర్త జార్జ్ కామెరన్ స్టోన్ వీలునామాతో ఇచ్చిన సేకరణలో, ఇలాంటివి ఉన్నాయి. వాటి ఫొటోలతో పోల్చండి.

దయచేసి తుప్పు గీకకండి, యాసిడ్ పెట్టకండి. పూతపని ఆనవాళ్లు దాని కిందే ఉండవచ్చు.