పశువైద్య పట్టా – పరదేశంలో పరీక్ష



మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మాది. ప్రస్తుతం పశువైద్యంలో పి.జి. చదువుతున్నాం. ఆత్రేయపురం వచ్చినప్పుడల్లా జూనియర్లు ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, ఇక్కడ పశువుల డాక్టరైతే అమెరికాలో కూడా డాక్టరేనా?" వెంటనే కాదు. ఈ సంగతి తెలియకుండా అప్పు చేసి విమానం ఎక్కితే, ఆ అప్పు తీర్చవలసింది మన అమ్మానాన్నల కూలి డబ్బే. కావున ఈ నాలుగు విషయాలు రాస్తున్నాం.

పట్టా ఉండగా మళ్ళీ పరీక్ష ఎందుకు?

మన దేశంలో పశువైద్య డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. అది పూర్తయినా సరే, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పేరు నమోదు చేయించుకుంటేనే వైద్యం చేయాలి. విదేశంలో చదివి వచ్చినవారి పట్టా కూడా ఆ చట్టం గుర్తించిన జాబితాలో ఉండాలి. మన రైతు గేదెను కాపాడటానికి మనకొక చట్టం ఉన్నట్టే, వాళ్ళ పశువుల కోసం వాళ్ళకూ ఒకటి ఉంది. ఇందులో మనకు అవమానమేమీ లేదు. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి 'నెలోర్' అనే పేరుతో లక్షల మందలయ్యాయి. పశువు సముద్రం దాటినంత సులువుగా డాక్టరు పట్టా దాటదు!

అమెరికాలో మెట్లు ఏమిటి?

అమెరికా పశువైద్య సంఘం గుర్తింపు ఉన్న కళాశాల మన దేశంలో లేదు. కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా ఆ సంఘం నడిపే ఇ.సి.ఎఫ్.వి.జి. అనే మార్గంలో వెళ్తారు. అందులో నాలుగు మెట్లు ఉన్నాయి.

1. డిగ్రీ పూర్తయినట్లు రుజువు పత్రాలు.
2. ఇంగ్లీషు పరీక్ష.
3. 225 ప్రశ్నల కంప్యూటరు పరీక్ష. మన ఐదున్నరేళ్ళ సబ్జెక్టులన్నీ ఇందులో వస్తాయి.
4. మూడు రోజుల ప్రాక్టికల్ పరీక్ష. మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, ఎక్స్‌రే, పోస్టుమార్టం, గుర్రాలు, పాడిపశువులు, కుక్కలు–పిల్లులు అని ఏడు విభాగాలు.

ఇవి గాక 360 ప్రశ్నల 'నావ్లే' పరీక్ష ఉంది. దీన్ని అమెరికాలో చదివినవాళ్ళూ రాయాలి. ఆ తర్వాతే ఏ రాష్ట్రంలో పని చేస్తామో ఆ రాష్ట్రం లైసెన్సు. మన లొల్ల లాకుల దగ్గర తలుపు తీస్తే గాని నీరు ముందుకు పోదు. ఇదీ అంతే.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్, ఆస్ట్రేలియాలో అక్కడి వెటర్నరీ బోర్డుల కౌన్సిలు ఇలాంటి పరీక్షలే పెడతాయి. అక్కడ కూడా ఇంగ్లీషు, రాత పరీక్ష, ప్రాక్టికల్స్ తప్పవు.

మనకు వచ్చినదేమిటి? నేర్చుకోవలసినదేమిటి?

గాలికుంటు వ్యాధి అమెరికాలో 1929 తర్వాత రాలేదు. అక్కడి విద్యార్థి దాన్ని పుస్తకంలో చదువుతాడు. మనం గేదె నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు కళ్ళతో చూసి నేర్చుకున్నాం. చూడి పరీక్ష, ఈత కష్టమైనప్పుడు దూడను బయటకు తీయడం మన చేతికి అలవాటైన పనులు.

మరోవైపు గుర్రాన్ని ముట్టుకునే అవకాశం మనలో చాలామందికి తక్కువ. అక్కడ కుక్కను ఆపరేషన్‌కు పడుకోబెడితే, మత్తు ఇచ్చినప్పటి నుండి లేచేవరకు గుండె, శ్వాస, రక్తపోటు గమనించి కాగితం మీద రాస్తూనే ఉండాలి. యజమానికి జబ్బు, ఖర్చు, ప్రమాదం ముందే వివరించాలి. తెలివి ఒక్కటే చాలదు, ఈ పద్ధతులకు చెయ్యి, నోరు రెండూ అలవాటు కావాలి.

మన గోదావరి మనిషి ఉదాహరణ

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మనుషుల వైద్యం చదివారు. 1923లో బోస్టన్ చేరినప్పుడు ఆయన ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ డాక్టరు పని దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పని చేస్తూ చదివారు. 1930లో హార్వర్డులో పి.హెచ్.డి. పొందారు. తర్వాత ఆయన బృందం బోదకాలు జబ్బుకు హెట్రజాన్ మందు తెచ్చింది. అదే మందును కుక్కల గుండెలో చేరే పురుగుల నివారణకు కూడా వాడారు. చిన్న పని చేసినంత మాత్రాన చదువు చిన్నది కాదని ఆయన జీవితం చెబుతుంది.

డబ్బు సంగతి

దరఖాస్తులు, పరీక్షలు, ప్రయాణాలు కలిపితే వేల డాలర్లు. ఒక్కసారికే పాసవుతామన్న హామీ లేదు. "ఎం.ఎస్. చేస్తే చాలు, ప్రాక్టీసు పెట్టొచ్చు" అనే మాట నమ్మవద్దు. ఎం.ఎస్., పి.హెచ్.డి. పరిశోధనకు దారి. వైద్యం చేయాలంటే లైసెన్సు వేరు. కేంద్ర ప్రభుత్వ జాతీయ విదేశీ ఉపకార వేతనం ఎస్సీ విద్యార్థులకు విదేశాల్లో ఎం.ఎస్., పి.హెచ్.డి. చదువులకు ఇస్తారు. అది లైసెన్సు పరీక్షల కోసం పెట్టిన పథకం కాదు. ఈ లెక్క ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి.

ఇప్పటి నుండే చేయవలసినవి

1. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు అన్నింటిలో పేరు, ఇంటిపేరు ఒకే స్పెల్లింగుతో ఉండేలా చూసుకోండి. మనవాళ్ళకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది. తర్వాత అదే పెద్ద తలనొప్పి.
2. రోజుకు అరగంట ఇంగ్లీషులో మాట్లాడండి. తప్పులకు సిగ్గుపడవద్దు.
3. పశువైద్యంలో చేరినవాళ్ళు ఇంటర్న్‌షిప్‌లో సంతకాల కోసం కాకుండా పని కోసం వెళ్ళండి. చేసిన ప్రతి కేసూ నోట్‌బుక్‌లో రాసుకోండి.
4. మార్కుల మెమోలు, సిలబస్ పుస్తకాలు పారేయకండి.

విదేశం వెళ్ళడమే గొప్ప, ఇక్కడ ఉండటం తక్కువ అని మేము అనడం లేదు. మన మండలంలో ఒక్క పాడిగేదె మీద బతికే ఇళ్ళు ఉన్నాయి, వాళ్ళకు మంచి డాక్టరు కావాలి. వెళ్ళదలచినవాళ్ళు మాత్రం అన్నీ తెలుసుకొని వెళ్ళాలని మా కోరిక. బైపీసీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సందేహాలుంటే వార్షికోత్సవం రోజున మమ్మల్ని అడగండి. తెలిసినంతవరకు చెబుతాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.