క్లౌడ్ రూల్స్ మీద మనమేం రాయొచ్చు?

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో "ఫ్రీ" అంటే ఉచితం కాదు, స్వేచ్ఛ. రిచర్డ్ స్టాల్‌మన్ చెప్పిన స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామ్‌ని ఏ పనికైనా వాడుకోవడం, సోర్స్ కోడ్ చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చిన కాపీలు పంచడం. వీటికి నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి, మన అర్రేల్లాగే!

అయితే ల్యాప్‌టాప్‌లో ఉన్న లినక్స్‌నీ, బ్రౌజర్‌లో తెరిచే క్లౌడ్ సర్వీసునీ ఒకే గాటన కట్టలేం. క్లౌడ్‌లో ప్రోగ్రామ్ నడిచేది వాళ్ళ సర్వర్‌లో. మన చేతికి కాపీ రాదు కాబట్టి, జీపీఎల్ ప్రకారం సోర్స్ ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళకి ఉండదు. ఈ సందు మూయడానికే 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. దాని కింద ఉన్న ప్రోగ్రామ్‌ని మార్చి సర్వర్‌లో నడిపితే, నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్ళకి ఆ సోర్స్ ఇవ్వాలి.

సరే, కోడ్ దొరికింది. మరి డేటా? నాలుగేళ్ళ ప్రాజెక్టులు, నోట్స్ అన్నీ ఒకే కంపెనీ దగ్గర ఇరుక్కుపోతే కోడ్ ఉండి ఏం లాభం? దీన్ని లైసెన్స్ ఒక్కటే తేల్చలేదు. రూల్స్ కావాలి.

మన దేశంలో ట్రాయ్ 2016 జూన్‌లో క్లౌడ్ కంప్యూటింగ్ మీద సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కి మారడం గురించి కూడా అందులో అడిగింది. 2017 ఆగస్టులో సిఫార్సులు ఇచ్చింది: నియంత్రణ తేలిగ్గా ఉండాలి, క్లౌడ్ కంపెనీలు ఒక రిజిస్టర్డ్ పరిశ్రమ సంఘంలో చేరాలి. నా ప్రశ్న ఒక్కటే: కంపెనీల సంఘంలో వాడేవాళ్ళ మాట ఎవరు చెప్తారు? మనమే చెప్పాలి.

ఇలాంటి పత్రం మీద ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. కానీ ఎలా రాశామన్నది ముఖ్యం. ఫ్రీ బేసిక్స్ చర్చలో ఒకే మూసలో వచ్చిన మద్దతు మెయిల్స్ అడిగిన ప్రశ్నలకి జవాబివ్వలేదని ట్రాయ్ చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న, కంటెంట్‌ని బట్టి డేటాకి వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది.

కాబట్టి మూడు పనులు చేద్దాం.

1. ప్రశ్న నంబర్ వేసి, దానికే జవాబు రాయాలి.

2. "స్వేచ్ఛ కావాలి" అని ఊరుకోకుండా ఏం కావాలో చెప్పాలి. ఉదాహరణకి: "డేటా మొత్తం ఓపెన్ ఫార్మాట్‌లో, అదనపు ఛార్జీ లేకుండా డౌన్‌లోడ్ అవ్వాలి."

3. గడువు అయ్యాక ట్రాయ్ అందరి అభిప్రాయాలూ బయటపెడుతుంది. కంపెనీలు ఏం రాశాయో చదివి, ఒప్పుకోని చోట ప్రతివ్యాఖ్య పంపాలి.

కోడ్‌లో బగ్ కనిపిస్తే ఇష్యూ రాస్తాం కదా. రూల్‌లో కనిపించినా అంతే.