పోటీ పరీక్షల ప్రత్యేకం: జైలు శిక్షణ నుంచి ఉపాధి దాకా

జైళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 4వ అంశం. అందుకే ఖైదీల శిక్షణ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా సాగుతోంది. నేత, వడ్రంగం, బేకరీ పనులు చాలా జైళ్లలో పాతవే. కానీ పని నేర్పడంతో బాధ్యత తీరదు. విడుదలయ్యాక ఆ పని దొరకాలి. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు ఇక్కడే ముఖ్యం: శిక్ష చివరి దశలో ఉన్నవారితో పాటు విడుదలైనవారికీ వాటిలో ఉపాధి కల్పించారు. జైలు ముద్ర చూసి బయటి యజమాని వెనకాడే చోట, శాఖే తొలి యజమాని అయింది.

నిజాయతీగా బతికే నిరుద్యోగుల్ని వదిలి నేరస్థులకు ఉద్యోగాలా అన్న ఆక్షేపణ సహజమే, కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆదాయం లేక మళ్లీ నేరానికి దిగితే నష్టపోయేది ఆ నిజాయతీపరులే. పైగా ఖైదీలకు న్యాయమైన వేతనం ఇవ్వాలని, అందులో కొంత బాధితుల పరిహారానికి మళ్లించే చట్టం చేయాలని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఖైదీ పని బాధితుడికీ అక్కరకొస్తుంది. అసలు లోపం వేరే ఉంది: 2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం ఖైదీల్లో 75.8 శాతం విచారణలో ఉన్నవారే. జైలు పనులు ప్రధానంగా శిక్ష పడినవారి కోసమే. విచారణ ఖైదీలకూ, వారు కోరుకుంటే, స్వల్పకాలిక శిక్షణ తెరవాలి.