ఫిమాయ్ దారిలో పదిహేడు విడుదులు

థాయ్‌లాండ్‌లోని నఖోన్ రాచసీమ నుంచి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్లు కారులో వెళితే ఫిమాయ్ వస్తుంది. ఇది ఖ్మేర్ రాజులనాటి ఆలయపట్టణం. శాసనాలలో దీని పేరు విమాయపురం. గుడిముందు నిలబడి దిక్సూచి తీసి చూడండి. ఖ్మేర్ ఆలయాలు చాలావరకు తూర్పుముఖంగా ఉంటాయి. ఇది మాత్రం దక్షిణానికి, కాస్త ఆగ్నేయానికి మొగ్గి ఉంది. రాజధాని అంకోర్ నుంచి బాట అటునుంచి రావడమే దీనికి కారణం కావచ్చునని పండితుల ఊహ.

ఆ బాటమీద 17 విడుదులున్నాయని ఏడవ జయవర్మ కాలపు ప్రాఖాన్ శాసనం (1191) చెబుతోంది. బాట పొడవు 240 కిలోమీటర్లనుకుందాం. దానిని 17తో భాగిస్తే సగటున 14 కిలోమీటర్లకొక విడిది. గంటకు 4 కిలోమీటర్లు నడిచేవారికి ఇది మూడున్నర గంటల నడక. అంటే ఉదయం బయలుదేరినవారు ఎండ ముదిరేసరికి ఒక విడిదికి, చీకటి పడేలోగా మరొకదానికి చేరగలరు!

ఆ విడుదులలోని రాతిగుళ్లు కొన్ని నేటికీ నిలిచివున్నాయి. బాటసారులు తలదాచుకున్న కొయ్య ఇళ్లు మాత్రం వానకూ చెదలకూ నశించాయి. కనుక మిగిలిన రాళ్లతోపాటు, మిగలనివాటిని గురించి కూడా ఆలోచించాలి.

ఎడ్లబండి గంటకు 3 కిలోమీటర్ల చొప్పున రోజుకు 8 గంటలు నడిస్తే, అంకోర్ నుంచి ఫిమాయ్ చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? మీరే లెక్క కట్టండి.