వంతెన మీద, వంతెన మీదికి: జర్మన్ 'అవుఫ్' కథ

బి.యస్సీ. చదివేవాడికి జర్మన్ భాష దేనికిరా అని మా నాన్నగారు అడిగారు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదనీ, కొవ్వూరులో మాకున్న రెండెకరాలూ అమ్మకుండా ఎమ్మెస్సీ చదవొచ్చనీ చెప్పాను. "అయితే నేర్చుకో" అన్నారు. తీరా మొదలెట్టాక 'అవుఫ్' అనే చిన్న మాట దగ్గర బండి ఆగిపోయింది.

అవుఫ్ అంటే 'మీద'. దాని తర్వాతి నామవాచకం ఒకప్పుడు చతుర్థిలో, అంటే డేటివ్‌లో, ఒకప్పుడు ద్వితీయలో ఉంటుంది. కదలిక ఉంటే ద్వితీయ, లేకపోతే చతుర్థి అని విన్నాను. "వంతెన మీద నడుస్తున్నాను" అన్నదానికి "అవుఫ్ డీ బ్ర్యూకె" అని ద్వితీయ రాశాను. నడక కదలికే కదా! తప్పన్నారు. "అవుఫ్ డేర్ బ్ర్యూకె" అనాలిట.

1974లో తెరిచిన మన రోడ్డు-రైలు వంతెన మీద నడుస్తుంటే సంగతి బోధపడింది. కొవ్వూరు వైపు నుంచి వంతెన మీదికి ఎక్కేటప్పుడే 'డీ'. ఎక్కాక రాజమండ్రి దాకా ఎంత నడిచినా 'డేర్'. వంతెన మీదే ఉన్నాను గనక. కావలసింది కదలిక కాదు, చోటు మారడం. మనకి 'మీద', 'మీదికి' రెండు మాటలున్నాయి. వాళ్ళు మాట మార్చకుండా విభక్తి మారుస్తారు. సంస్కృతంలో "గ్రామే వసతి" సప్తమి, "గ్రామం గచ్ఛతి" ద్వితీయ. ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం ఉన్న ఊరివాణ్ణి, ఇది ముందే తట్టకపోవడం సిగ్గుచేటే!

ఇక 'కి' వస్తే ద్వితీయ అని సూత్రం కట్టేసుకుని పరీక్షకి వెళ్ళాను. (రాజమండ్రికి, హైదరాబాదుకి లాంటివి వేరు. ఊరి పేర్లకి 'నాఖ్' వస్తుంది.) "పుస్తకం బల్ల మీద పెట్టాను" అని ఇచ్చారు. 'కి' లేదు. ధీమాగా చతుర్థి వేసి "అవుఫ్ డేమ్ టిష్" అన్నాను. మళ్ళీ తప్పే! "అవుఫ్ డేన్ టిష్". అలాంటివే మరి నాలుగు పోయి, పరీక్ష కూడా పోయింది.

మనం "ఎక్కడ పెట్టావు?" అంటాం. జర్మన్లు 'వోహిన్', అంటే "ఎక్కడికి?" అని అడుగుతారు. పుస్తకం చేతిలోంచి బల్ల మీదికి చేరింది కదా! పెట్టు, వేయి లాంటి క్రియల దగ్గర తెలుగు చెవి మోసం చేస్తుంది. అవి వస్తే "బల్ల మీదికి చేర్చాను" అని మార్చుకుని చూస్తున్నాను.

పొలానికి కూడా వాళ్ళు అవుఫే వాడతారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా, నాన్నగారు పొలంలో ఉంటే 'అవుఫ్ డేమ్ ఫెల్డ్', పొలానికి బయల్దేరితే 'అవుఫ్స్ ఫెల్డ్' అని లోపల అనుకుంటున్నాను. రెండోసారి పరీక్ష మార్చిలో.