అంబులెన్స్ వేడి ముల్లు ఎందుకు ఊగింది?

గత సర్వసభ్య సమావేశంలో ఒక దాత లేచి అడిగారు: "బండి కొనడానికి ఇచ్చాం, పెట్రోలుకు ఇస్తున్నాం. ఇంజను వేడి అని ఒకే రిపేరు మూడుసార్లు ఎలా రాశారు?" ఆ రోజు మేము లెక్క చూపాం గానీ కారణం చెప్పలేకపోయాం. ఆ కారణం ఇక్కడ రాస్తున్నాం. సొంత కారున్న వారికీ పనికొస్తుందని కాస్త వివరంగానే.

మన అంబులెన్సు ముందు సీట్ల కింద ఇంజను ఉండే చిన్న వ్యాను. మీటరులో వేడి చూపే ముల్లు ఇంజను కాగిన తర్వాత ఇంచుమించు సగం దగ్గర నిలబడాలి. మన బండిలో అది ఊగడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే థర్మోస్టాట్ వాల్వ్ మార్చారు. వారం తిరగకుండానే మళ్లీ ఊగింది. రేడియేటర్ కడిగి కొత్త కూలెంట్ పోశారు. అయినా ఊగింది. మూడోసారి ఆ వాల్వే పీకి పారేసి, "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అన్నారు. ఆ మాట నమ్మడం మా తప్పు. థర్మోస్టాట్‌లో మైనం ఉంటుంది. 82 నుంచి 88 డిగ్రీల మధ్య అది కరిగి ఉబ్బి, రేడియేటర్‌కు దారి తెరుస్తుంది. అది లేకపోతే ఖాళీ రోడ్డు మీద ఇంజను చల్లగా ఉండిపోయి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కే జబ్బు మాత్రం పోదు.

చివరికి మా డ్రైవర్లు ఒక నిర్ణయానికి వచ్చేశారు: మీటరు పాడైంది, దాన్ని చూడనక్కర్లేదు. మేమూ సరే అన్నాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఊపిరాడని ఒక పెద్దావిడను షాలిబండ నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి తీసుకువెళ్తున్నారు. మదీనా చౌరస్తా దగ్గర బండి కదల్లేదు. ముల్లు మెల్లగా పైకి పాకింది. డ్రైవరు చూశాడు, అలవాటైన ఊపే అనుకున్నాడు. తర్వాత ముల్లు ఒక్కసారిగా కిందికి పడింది. హమ్మయ్య అనుకున్నాడు. రెండు నిమిషాల్లో సీటు కింద నుంచి ఆవిరి లేచింది. ఆవిడ కొడుకు తల్లిని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. నయాపూల్ దాటితే ఆసుపత్రే కాబట్టి సమయానికి చేరారు, అల్హందులిల్లాహ్. అందులో మా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత బండిని మన బస్తీలోనే ఉన్న ఒక పాత ఉస్తాద్ దగ్గరికి తోయించాం. ఆయన బానెట్ ముట్టుకోకముందే అడిగారు:

"భాయ్, ముల్లు ఎప్పుడు ఊగుతుంది?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే నాకేం తెలుస్తుంది? నిలబడితే ఊగుతుందా, పరిగెడితే ఊగుతుందా, లైటు వేస్తే ఊగుతుందా?"

మాలో ఎవరికీ తెలియదు. రెండేళ్లుగా డబ్బు ఖర్చుపెట్టిన మేము, పైసా ఖర్చు లేని ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆయన తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండానే పైన తిరిగే లైటు వేశారు. లైటు మెరిసినప్పుడల్లా ముల్లు ఎగిరింది. నీళ్లు అలా క్షణంలో కాగి క్షణంలో చల్లారవు కదా. అంటే అది వేడి కాదు, కరెంటు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు చివర తుప్పు పట్టి ఉంది. గీకి, కొత్త వైరు బిగిస్తే ఆ ఎగురుడు ఆగిపోయింది. మొదటి మూడు బిల్లుల జబ్బు అదే.

మదీనా దగ్గర జరిగింది మాత్రం వేరు. వాల్వ్ కోసం రెండుసార్లు విప్పిన చోట ప్యాకింగ్ సరిగా కూర్చోక కూలెంట్ చుక్కచుక్కగా కారుతోంది. పైగా రేడియేటర్ ఫ్యాన్ రిలే చచ్చిపోయింది. బండి నడుస్తుంటే గాలి తగిలి సరిపోయేది, నిలబడితే వేడెక్కేది. నీళ్లు తగ్గి సెన్సర్ చుట్టూ ఆవిరే మిగిలినప్పుడు అది సరిగా కొలవలేదు. ముల్లు పడిపోయింది అందుకే. ఎక్కిన ముల్లు హఠాత్తుగా చల్లదనం చూపిస్తే సంతోషించకండి, వెంటనే ఆపండి. మాకు సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ పోయింది. పద్దులో మీరు చూసిన అతి పెద్ద బిల్లు అదే.

ఉస్తాద్ నేర్పిన పరీక్షలు ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. ఉదయం, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. హైదరాబాదు ఎత్తులో మామూలు నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్ల లోపల 120 దాకా మరగకుండా ఉంటుంది. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. మూత రబ్బరు చిట్లినా వేడి ఆగదు. దాన్ని మార్చడం చవక. నీరు నిండుగా ఉందో చూసి స్టార్టు చేయండి. పై పైపు చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే వాల్వ్ తెరుచుకుంటున్నట్టు. మూత లేకుండా చూస్తే ఎడతెగకుండా బుడగలు వస్తున్నాయా, గ్యాస్కెట్ అనుమానించాలి. కొత్తగా కూలెంట్ పోశాక కాసేపు వచ్చే బుడగలు లోపల ఇరుక్కున్న గాలి మాత్రమే. మూత బిగించి, బండి నిలబెట్టే ఇంకాస్త కాగనిస్తే ఫ్యాన్ దానంతట అది తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడండి. అదే రకం రిలే హారన్‌కు ఉంటే మార్చి పెట్టి చూస్తే తేలిపోతుంది.

పాతబస్తీలో ఇంకో బెడద బోరునీళ్లు. కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఇప్పుడు బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి ఒక డబ్బా బండిలోనే పెడుతున్నాం.

డ్రైవర్లకు ఇచ్చిన ఆదేశం ఇది. ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పాలి. అది ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. తగ్గకపోతే పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయకూడదు, పగులుతుంది. లోపల రోగి ఉంటే బండి చల్లారే దాకా కాచుకోవద్దు, 108కి ఫోను చేయాలి, లేదా దొరికిన వాహనం ఎక్కించాలి.

థర్మోస్టాట్ మళ్లీ బిగించాం. మొన్న రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల గంటల తరబడి పాకినా ముల్లు సగం దాటలేదు. రేడియేటర్‌లో పాత పొర మాత్రం ఇంకా ఉంది. ఎండాకాలం లోపు దాన్ని మార్చాలి. ఈసారి పద్దులో ఆ ఒక్కటే కనిపిస్తుంది.